మంచు కరిగాక కూడా ఉండదగిన ఊరు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పదకొండేళ్లుగా ఉంటున్నాము. నా భర్తకూ నాకూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఇద్దరమూ ఇంటి నుంచే పనిచేస్తున్నాము, పోయిన ఏడాది పౌరసత్వం కూడా వచ్చింది. ఏటా క్రిస్మస్ సెలవులకు కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్ వెళ్లి స్కీయింగ్ చేయడం మాకు అలవాటు. తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప ఆ కొండల్లోనే ఉండిపోదామని పోరుతున్నారు. ఇక్కడి ఇల్లు అమ్మేసి బ్రెకెన్‌రిడ్జ్‌లోనో, దాని పక్కనున్న ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కుని ఏడాది పొడవునా అక్కడే ఉండాలని ఆలోచిస్తున్నాము. ఇది సరైన ఆలోచనేనా? వేరే ఊరేదైనా చూడమంటారా?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఒక ఫ్రిస్కో నుంచి ఇంకో ఫ్రిస్కోకు మారడమంటే చిరునామాలో రాష్ట్రం పేరు దిద్దుకోవడమేనని అనిపించవచ్చు. మీ ఊరు సముద్రమట్టానికి 800 అడుగుల ఎత్తు కూడా లేదు. కొలరాడో ఫ్రిస్కో 9,097 అడుగుల ఎత్తున ఉంది. బ్రెకెన్‌రిడ్జ్ అంతకంటే ఎత్తు, 9,600 అడుగులు. మనవాళ్లకు తెలిసిన కొలతలో చెప్పాలంటే ఊటీ సుమారు 7,350 అడుగులు. అంటే మీరు ఊటీ కంటే దాదాపు రెండు వేల అడుగుల పైన కాపురం పెట్టబోతున్నారు.

ఎత్తు సంగతికి మళ్లీ వస్తాను. అంతకంటే ముందు చెప్పవలసినది, మీరు ఇంతవరకు బ్రెకెన్‌రిడ్జ్‌ను పండగ బట్టల్లోనే చూశారన్నది. సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లిన కొత్త అల్లుడికి ఆ ఇంట్లో ఆషాఢంలో ఏం వండుకుంటారో తెలియదు. డిసెంబరు చివరి వారంలో ఆ ఊళ్లో ప్రతి కిటికీలోనూ దీపం ఉంటుంది, వీధులన్నీ కిటకిటలాడుతుంటాయి. ఒక్కసారి మే నెల రెండో సగంలో వెళ్లి, రాత్రి తొమ్మిది గంటలకు ఇళ్ల మధ్య నడిచి చూడండి. అక్కడ సగానికి మించిన ఇళ్లు ఇతర ఊళ్లవారి సెలవుల ఇళ్లే కనుక వీధికి రెండు మూడు దీపాలు కనబడితే గొప్ప. చాలా హోటళ్లు తలుపులు మూసి, పనివాళ్లకు సెలవులిచ్చి ఉంటాయి. స్కీ చేసేవారిని కొండ పైకి చేర్చే లిఫ్టులు ఆగిపోయి, మంచు కరిగి, ఇంకా పచ్చదనం రాని ఆ రోజులను అక్కడివారు మడ్ సీజన్ అంటారు; అంత ఎత్తున ఆ బురద కాలంలో మధ్యమధ్య మళ్లీ మంచు కూడా కురుస్తుంది. శీతాకాలానికి ముందు, అక్టోబరులో, ఇలాంటిదే ఇంకో విరామం వస్తుంది. స్కీ ఊరిని సెలవుల కోసం ఎంచుకునేవారు మంచు ఎంత పడుతుందని అడగాలి. కాపురం కోసం ఎంచుకునేవారు మాత్రం లిఫ్టులు ఆగాక ఆ ఊళ్లో ఎవరు మిగులుతారని అడగాలి. మీ పిల్లలకు బడిలో స్నేహితులు, మీకు పలకరించే పొరుగువారు, మే నెలలో కూడా తెరిచి ఉండే పళ్ల డాక్టరు, ఇవన్నీ ఆ మిగిలే మనుషుల మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ కొలతతో చూసినప్పుడు, అదే రాష్ట్రంలో మీకు నేను ముందుగా చూడమనే ఊరు స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్. 2020 జనగణనలో బ్రెకెన్‌రిడ్జ్ జనాభా సుమారు 5,100 కాగా స్టీమ్‌బోట్ జనాభా సుమారు 13,200. యాంపా నది లోయలో పశువుల పెంపకంతో ఎదిగిన ఊరు అది. స్కీయింగ్ ఆ జీవితం మీదికి తరువాత వచ్చి చేరింది. నార్వే నుంచి వచ్చిన కార్ల్ హోవెల్సెన్ అక్కడి పిల్లలకు స్కీ దూకుళ్లు నేర్పాడు. ఆయన పేరు మీదున్న హోవెల్సెన్ హిల్ 1915 నుంచి నడుస్తోంది, అది నగరపాలక సంస్థ సొత్తు. పెద్ద రిసార్టు వేరే ఉన్నా, ఊరి నడిమధ్య ఉన్న ఆ చిన్న కొండ మీదికి బడి వదిలాక పిల్లలు స్కీలు భుజాన వేసుకుని వెళుతుంటారు. వేసవిలో నదిలో ట్యూబులు వేసుకుని తేలడం, జూలై 4కు పశువుల కాపరుల రోడియో, వేడినీటి బుగ్గలు ఉండనే ఉన్నాయి. ఇక ఎత్తు 6,732 అడుగులు, అంటే ఊటీ కంటే కిందే.

ఆ ఎత్తు తేడా ఎందుకు అంత ముఖ్యమో ఇప్పుడు చెబుతాను. సుమారు 8,000 అడుగులు దాటిన చోట నిద్ర చేయడం మొదలుపెట్టినప్పుడే తలనొప్పి, వికారం, పలచని నిద్ర వంటి ఎత్తు బాధలు ఎక్కువగా కనబడతాయి. బ్రెకెన్‌రిడ్జ్‌లో గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో దాదాపు 70 శాతమే. వారం రోజుల సెలవుల్లో పిల్లలు కొండ దిగి అలసిపోయి పడుకుంటారు కనుక మీరు గమనించి ఉండకపోవచ్చు. చాలామందికి కొన్ని రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి మాత్రం నిద్ర ఎప్పటికీ కుదరదు; ఎవరికి ఏమవుతుందో అక్కడ కొన్ని వారాలు వరుసగా ఉంటే తప్ప తెలియదు. వంటింట్లోనూ తేడా తెలుస్తుంది. అంత ఎత్తున నీళ్లు దాదాపు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, కనుక విడి గిన్నెలో పెట్టిన కందిపప్పు మెత్తబడడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉన్న మనకు మాత్రం రెండు కూతలు ఎక్కువ వేయించడంతో పని గడిచిపోతుంది. ఇడ్లీ పిండిని ఆ పొడి చలిలో పులియబెట్టడమే అసలు పరీక్ష. ఓవెన్‌లో దీపం ఒక్కటి వెలిగించి రాత్రంతా అందులో ఉంచడం తప్ప నాకు తెలిసిన ఉపాయం లేదు.

రెండో విషయం దారి. బ్రెకెన్‌రిడ్జ్, ఫ్రిస్కోలకు డెన్వర్ 70, 80 మైళ్ల దూరమే కావడం పెద్ద ఆకర్షణ. సెంటినియల్‌లోని హిందూ దేవాలయం, శివార్లలోని మన సరుకుల దుకాణాలు ఉదయం వెళ్లి సాయంత్రానికి రాగలిగినంత దగ్గర. అయితే ఆ ప్రయాణమంతా ఐ-70 అనే ఒకే రహదారి మీద, 11,158 అడుగుల ఎత్తునున్న ఐసన్‌హోవర్ సొరంగం గుండా సాగుతుంది. అక్కడ మంచు తుపాను వచ్చినా, కొండ మీది మంచు విరిగిపడే భయం ఉన్నా, ఒక లారీ అడ్డంగా తిరిగినా అందరూ ఆగిపోవలసిందే. మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం ఫ్రిస్కోలో బయలుదేరి డెన్వర్ చేరడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. ఆ రోజు మంచు కూడా కురవలేదు, స్కీ ముగించుకుని ఇళ్లకు వెళ్లేవారి రద్దీయే కారణం. స్టీమ్‌బోట్ ఇందుకు విరుద్ధం. డెన్వర్ 160 మైళ్ల దూరం, మూడు గంటలకు పైనే పడుతుంది, మధ్యలో 9,426 అడుగుల రాబిట్ ఇయర్స్ కనుమ దాటాలి. గుడికి నెలకొకసారి వెళ్లడం కూడా కష్టమవుతుంది. ఆ దూరం వల్లే వారాంతపు జనం ఊరిని ముంచెత్తరు. పాతిక మైళ్లలో హేడెన్ దగ్గర విమానాశ్రయం ఉంది. మీ కుటుంబానికి వారం వారం తెలుగు స్నేహితుల మధ్య గడపడం తప్పనిసరి అయితే, నిజం చెప్పాలంటే ఈ రెండు ఊళ్లలో ఏదీ మీకు తగదు. డెన్వర్ శివారులో ఉండి కొండలకు వెళ్లి వస్తుండడమే మేలు.

ఇల్లు కొనడం గురించి మీరు ఎక్కువ వివరాలు రాయలేదు, కాని అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది అక్కడే. ఈ ఊళ్లలో ఇళ్ల జాబితాలు చూసేటప్పుడు మిగిలిన వాటిలో సగం ధరకే కనబడే ఇళ్లు కొన్ని ఉంటాయి. సాధారణంగా అవి దస్తావేజులోనే షరతు రాసి ఉన్న ఇళ్లు. ఆ కౌంటీలోని సంస్థల్లో వారానికి ఇన్ని గంటలు పనిచేసేవారే కొనాలి లేదా ఉండాలి అని ఆ షరతు. పక్క కౌంటీలోని వెయిల్ పట్టణం 2017 నుంచి ఇళ్ల యజమానులకు డబ్బు చెల్లించి మరీ ఇలాంటి షరతులు రాయించుకుంటోంది, ఎందుకంటే లిఫ్టు నడిపేవారికి, నర్సులకు, బడి పంతుళ్లకు ఊళ్లో తలదాచుకునే చోటు లేకుండా పోయింది. డాలస్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే మీరు చాలా చోట్ల ఆ షరతు కిందికి రారు, కనుక చవక ఇల్లు చూసి ఆశపడవద్దు. ఇండియా వెళ్లినప్పుడు ఇంటిని పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇచ్చి వాయిదాలు కట్టుకోవచ్చన్న లెక్క కూడా వేసుకోవద్దు. బ్రెకెన్‌రిడ్జ్ అలాంటి అద్దెల లైసెన్సులకు పరిమితి పెట్టింది; స్టీమ్‌బోట్ కొన్ని ప్రాంతాల్లో కొత్త వాటిని నిషేధించింది, వాటిపై 9 శాతం పన్నుకు 2022 నవంబరులో ఓటర్లు ఆమోదం తెలిపారు. స్టీమ్‌బోట్‌లో ఇళ్ల కొరత తక్కువేమీ కాదు. ఊరి పడమట పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడానికి ఉద్దేశించిన బ్రౌన్ రాంచ్ భూమిని నగరంలో కలిపే ప్రతిపాదనను 2024 మార్చిలో అక్కడి ఓటర్లే తిరస్కరించారు. పన్నుల విషయంలో, టెక్సస్‌లో లేని రాష్ట్ర ఆదాయపు పన్ను కొలరాడోలో ఉంది; ఇంటి పన్ను మాత్రం మీరు ఇప్పుడు కడుతున్న దానికంటే బాగా తక్కువ శాతం ఉంటుంది.

ఇల్లు చూసేటప్పుడు ముందు ఇన్సూరెన్సు కంపెనీల నుంచి ధర రాయించుకుని, ఆ తరువాతే బేరానికి దిగండి. 2020 అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్సమ్ అనే కార్చిచ్చు ఆ పక్కనే ఉన్న గ్రాండ్ కౌంటీలో వందల ఇళ్లను కాల్చివేసి, ఖండపు వెన్నెముక వంటి పర్వతశ్రేణిని కూడా దాటింది. అక్కడి పైన్ చెట్లలో చాలా భాగం అంతకుముందే బెరడు పురుగు పట్టి ఎండిపోయి ఉన్నాయి. చెట్ల మధ్య దాగిన ఇల్లు ఫొటోలో ఎంత అందంగా ఉంటుందో ఇన్సూరెన్సు కంపెనీకి అంత చేదుగా కనబడుతుంది. నేల నుంచి ఇంట్లోకి చేరి ఊపిరితిత్తులకు హాని చేసే రాడాన్ వాయువు పరీక్ష కూడా తప్పక చేయించండి, కొలరాడో నేలల్లో అది ఎక్కువ.

మన వాస్తుకు ఎదురుగా వెళ్లే సలహా ఒకటి చెబుతాను, నొచ్చుకోవద్దు. ఈ కొండల్లో కారు దారి దక్షిణం వైపు ఉన్న ఇల్లే అదృష్టవంతుల ఇల్లు. శీతాకాలపు ఎండ అటు నుంచే పడుతుంది కనుక మధ్యాహ్నానికి మంచు దానంతట అదే కరుగుతుంది. ఉత్తరం వైపు దారి ఉన్నవారు నవంబరులో గడ్డకట్టిన మంచును ఏప్రిల్ దాకా పారతో గీకుతుంటారు. కప్పు మీది మంచు జారితే గుమ్మం ముందు పడుతుందా, పక్కకు పడుతుందా, ఊడ్చిన మంచును పోగు వేయడానికి స్థలముందా అన్నవి కూడా చూసుకోండి. జనవరిలో ఇండియా వెళితే వేడి పూర్తిగా ఆపకండి, నీళ్ల అసలు వాల్వును మాత్రం కట్టేసి వెళ్లండి. పైపు పగిలితే మీరు తిరిగి వచ్చేసరికి ఇంటి నేలంతా తీయించవలసి వస్తుంది.

స్కీయింగ్ విషయంలో ఒక్క మాట చాలు. బ్రెకెన్‌రిడ్జ్‌లో మీరు వాడుతున్నది ఎపిక్ పాస్ అయి ఉంటుంది, స్టీమ్‌బోట్ ఐకాన్ పాస్ కిందికి వస్తుంది; రెండూ వేర్వేరు స్కీ కొండలకు చెల్లే సీజన్ పాస్‌లు కనుక పాస్ మార్చుకోవలసి వస్తుంది.

ఇప్పుడే కొనకండి. మీ ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి, బడి తెరిచే ఆగస్టుకు స్టీమ్‌బోట్‌లో పన్నెండు నెలల లీజుకు ఇల్లు తీసుకోండి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకే ఇచ్చే సీజన్ అద్దెలు చాలా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. మీరు చూడవలసినది ఆ లీజులో లేని నెలలనే.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో హెచ్-1బీ వీసాపై పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డు దరఖాస్తు క్యూలో ఉంది. కంపెనీ ఎక్కడి నుంచైనా పనిచేయవచ్చని అంటోంది. తాహో సరస్సు దగ్గరి ట్రకీకి గాని, యూటాలోని పార్క్ సిటీకి గాని మారిపోదామని నా భార్య అంటోంది. ఏది మంచిది?
— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: ఊరిని ఎంచుకునే ముందు మీ కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయరుకు మీరు రాయవలసిన ఉత్తరం ఒకటుంది. ఎక్కడి నుంచైనా పనిచేయవచ్చని మేనేజరు చెప్పినంత మాత్రాన వీసా దానికి ఒప్పుకోదు. హెచ్-1బీలో ఇంటి నుంచి పనిచేసేవారికి ఆ ఇల్లే పనిచోటు. దరఖాస్తులో చూపిన మహానగర ప్రాంతాన్ని దాటి పనిచోటు మారితే, మారడానికి ముందే కంపెనీ జీతం, పనిచోటు వివరాలతో కార్మిక శాఖ నుంచి కొత్త లేబర్ కండిషన్ అప్లికేషన్ తీసుకుని సవరణ పిటిషన్ దాఖలు చేయాలని 2015లో ఇమ్మిగ్రేషన్ శాఖ అప్పీళ్ల కార్యాలయం ఇచ్చిన నిర్ణయం తేల్చింది. మీరు చెప్పిన రెండు ఊళ్లూ ఫ్రీమాంట్ పరిధిలోకి రావు. గ్రీన్ కార్డు లేబర్ సర్టిఫికేషన్ కూడా ఉద్యోగ స్థలానికి ముడిపడి ఉంటుంది కనుక దాన్ని మళ్లీ మొదలుపెట్టవలసి రావచ్చు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది ఉంటే మాత్రం క్యూలో మీ తేదీ సాధారణంగా పోదు. ఈ పని జరిగే వరకు ట్రకీలో అద్దె ఒప్పందం మీద సంతకం చేయకండి.

అది సాధ్యమైన పక్షంలో నా ఓటు పార్క్ సిటీకి. ట్రకీ ఎత్తు 5,800 అడుగులే గాని మంచు విషయంలో అది వేరే లోకం. దానికి దగ్గరలో డానర్ కనుమ వద్దనున్న సెంట్రల్ సియెర్రా స్నో ల్యాబ్ 2022-23 శీతాకాలంలో 754 అంగుళాల మంచును నమోదు చేసింది, అంటే 62 అడుగులకు పైమాటే. అలాంటి ఏడాది ఆ ఊరి మీదుగా వెళ్లే ఐ-80 రహదారి రోజుల తరబడి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. వేసవి వస్తే భయం కార్చిచ్చు వైపు తిరుగుతుంది: 2021 ఆగస్టు 30న కాల్డర్ మంటల వల్ల సౌత్ లేక్ తాహో పట్టణాన్ని మొత్తం ఖాళీ చేయించారు. ఆ ప్రాంతంలో మామూలు కంపెనీలు ఇన్సూరెన్సుకు నిరాకరిస్తే, చివరి దిక్కుగా ఫెయిర్ ప్లాన్ అనే బీమా తీసుకోవలసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

పార్క్ సిటీ ఎత్తు 7,000 అడుగులు, సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయం ముప్పావు గంట దూరం. సౌత్ జోర్డన్‌లో గణేశుడి గుడి ఉంది, సరుకులూ ఆ లోయలోనే దొరుకుతాయి. ఇళ్ల ధరలు మాత్రం ఫ్రీమాంట్ నుంచి వచ్చినవారిని కూడా ఉలిక్కిపడేలా చేస్తాయి. పాత ఊరి మెయిన్ స్ట్రీట్ చుట్టుపక్కల సెలవుల ఇళ్లే ఎక్కువ. ఏడాది పొడవునా ఉండే కుటుంబాలు కింబాల్ జంక్షన్ చుట్టూ, లేదా 5,600 అడుగుల ఎత్తునున్న హీబర్ లోయలో ఉంటాయి. చలికాలంలో సాల్ట్ లేక్ లోయలో పొగ నిలిచిపోయిన రోజుల్లో కూడా పైన ఎండ కాస్తుంటుంది. 2034 శీతాకాల ఒలింపిక్స్ మళ్లీ యూటాకే దక్కాయి కనుక వచ్చే సంవత్సరాల్లో రోడ్ల పనులు, నిర్మాణాలు పెరుగుతాయన్నది మనసులో ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి కొలరాడోలోని లెడ్‌విల్‌లో ఇల్లు కొన్నాడు. ఏటా ఆరు నెలలు తన దగ్గరే ఉండమంటున్నాడు. నాకు 68, నా భార్యకు 64 ఏళ్లు, ఇద్దరికీ బీపీ ఉంది. ఉండగలమా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లెడ్‌విల్ 10,150 అడుగుల ఎత్తునున్న పట్టణం, అమెరికాలో నగర హోదా ఉన్న ఊళ్లలో అంతకంటే ఎత్తైనది లేదు. మీరు ఉండగలరా లేదా అన్నది మీ ఇద్దరి గుండె, ఊపిరితిత్తులు చూసిన డాక్టరు చెప్పవలసిన మాట; ఊరి ఎత్తును అడుగుల్లో కాగితం మీద రాసి తీసుకువెళ్లి మరీ అడగండి, ఎందుకంటే అమెరికా అనగానే అందరూ మైదానాన్నే ఊహించుకుంటారు. డాక్టరు సరేనంటే, విమానం దిగిన రోజే కొండ ఎక్కకుండా 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో రెండు మూడు రాత్రులు ఆగండి. లేహ్ వెళ్లినవారు మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి తీసుకున్నట్లే పైకి వెళ్లాక కూడా నెమ్మదిగా ఉండండి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు తగ్గకపోతే, మాట తడబడితే సర్దుకుంటుందిలే అని ఊరుకోవద్దు. ఆ రాత్రే కిందికి దించి ఆసుపత్రికి తీసుకువెళ్లమని అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. మొదటిసారి జూన్, సెప్టెంబరు మధ్య వెళ్లండి, గడ్డకట్టిన దారుల్లో కాలు జారి తుంటి విరిగే ప్రమాదం తప్పుతుంది.

అబ్బాయికి ఇంకొక సంగతి కూడా చెప్పండి. లెడ్‌విల్‌కు దక్షిణంగా దాదాపు 60 మైళ్ల దూరంలో, ఆర్కెన్సా నది ఒడ్డునే, సలైడా అనే ఊరుంది. అక్కడ చలి తక్కువ, ఎండ ఎక్కువ, ఇరవై మైళ్లలో మోనార్క్ స్కీ కొండ ఉంది. ఎత్తు 7,083 అడుగులు, ఊటీ కంటే కాస్త తక్కువే. మీరు వచ్చే నెలలకైనా అక్కడ ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే, గంటన్నర లోపు కారు ప్రయాణంతో అతను వచ్చి పోతుండవచ్చు.